ఫైలుంది, దారి లేదు: సొంత ఇన్‌స్టలేషన్లలో పాత్ చిక్కులపై ఒక సమీక్ష

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయింది. ఫైలు డిస్కులో కళ్లెదుటే ఉంది. టెర్మినల్ తెరిచి పేరు కొడితే మాత్రం 'కమాండ్ నాట్ ఫౌండ్' అని జవాబొస్తుంది. ఇంతకన్నా చికాకు పెట్టే రకం ఇంకొకటుంది. ఎర్రర్ ఏమీ రాదు, ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. తీరా చూస్తే నడిచింది నిన్న మనం పెట్టుకున్న కొత్త వెర్షన్ కాదు, ఆ మెషీన్లో ముందునుంచీ పడి ఉన్న పాతది. మొదటి రకం వెంటనే బయటపడుతుంది. రెండోది గంటలకు గంటలు తినేస్తుంది, ఎందుకంటే తప్పు జరిగిన ఛాయలే కనిపించవు.

ఈ రెండూ ఎక్కువగా తగిలేది సొంత కాపీ పెట్టుకున్నవాళ్లకే. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వని కాలేజీ ల్యాబ్, కంపెనీ ల్యాప్‌టాప్, పదిమంది పంచుకునే సర్వర్ లాంటి చోట్ల మన హోం ఫోల్డర్లోనే పైథానో, నోడో, టెక్ లైవో దింపుకుంటాం. సిస్టమ్‌తో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్‌కి దారులు ముందే వేసి ఉంటాయి. సొంత కాపీకి ఆ దారి మనమే వేసుకోవాలి, లేదా ఇన్‌స్టాలర్ వేసిందో లేదో చూసుకోవాలి.

దీనిమీద సలహాలకు కొదవ లేదు. ఈ లైను ఆ ఫైల్లో అతికించండి, రీస్టార్ట్ చేయండి, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి అంటారు. ప్రతిదీ ఎక్కడో ఒకచోట పనిచేసిందే. ఏది ఎక్కడ పనిచేస్తుంది, ఎందుకు పనిచేస్తుంది అన్నదే తెలియదు. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పాత్, అంటే కమాండ్ల కోసం వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా, కంప్యూటర్ మొత్తానికి ఉండే ఒకే ఒక్క సెట్టింగ్ అనే నమ్మకం మీదే చాలా సలహాలు నిలబడ్డాయి. నిజానికి నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకీ తన పాత్ తనకుంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ ఎక్కడుందని వెతికేముందు దాన్ని పిలుస్తున్నది ఎవరో తెలుసుకోవాలి.

జాబితా పుట్టుక

యూనిక్స్ తొలిరోజుల్లో కెన్ థాంప్సన్ రాసిన షెల్‌కి (మనం కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రాంకి) కమాండ్లు ఎక్కడ వెతకాలో కోడ్‌లోనే రాసి ఉండేది. ప్రస్తుతం ఉన్న ఫోల్డర్ కాక, /బిన్, /యూఎస్ఆర్/బిన్ అనే రెండు ఫోల్డర్లే దాని లోకం. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి యూనిక్స్ ఏడో ఎడిషన్ వచ్చింది. దానితోపాటు స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వచ్చాయి. అప్పటినుంచి వెతికే చోట్ల జాబితా యూజర్ మార్చుకోగలిగే వేరియబుల్‌గా స్థిరపడింది. హోం ఫోల్డర్లో బిన్ అని ఒక ఫోల్డర్ చేసుకుని, దాన్ని జాబితాకి ఎక్కించి, సిస్టమ్‌ని ముట్టుకోకుండా సొంత సరంజామా నడుపుకునే వీలు కలిగింది. సొంత కాపీ అన్న ఆలోచనకు పునాది అదే.

పర్సనల్ కంప్యూటర్ల వైపు 1983లో ఎంఎస్-డాస్ 2.0 తోనే ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకునే పద్ధతి మొదలైంది, పాత్ కమాండ్ కూడా దానితోనే వచ్చింది. యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య కోలన్ పెడతారు. డాస్‌లో డ్రైవ్ అక్షరం పక్కనే కోలన్ ఉంటుంది కనుక అక్కడ సెమికోలన్ పెట్టారు. ఈ చిన్న తేడా ఈనాటికీ ఇబ్బంది పెడుతోంది. లినక్స్ కోసం రాసిన లైను విండోస్‌లో అతికించినవాళ్ల పాత్ మొత్తం ఒకే పొడవాటి ఫోల్డర్ పేరుగా మారిపోతుంది.

నలభై ఏళ్లు దాటినా నియమాలు పెద్దగా మారలేదు. జాబితాను మొదటినుంచి చివరికి వరసగా చూస్తారు, ముందు దొరికినదాన్నే నడుపుతారు. ఒకే ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లుంటే ఉత్తరం పోస్ట్‌మ్యాన్‌కి ముందు తగిలిన ఇంటికే చేరినట్టు, పేరు కలిస్తే చాలు, వెర్షన్ చూడరు. యూనిక్స్ జాతి సిస్టమ్‌లలో ఇంకో నియమం ఉంది. రెండు కోలన్ల మధ్య ఏమీ లేకపోతే 'ప్రస్తుతం ఉన్న ఫోల్డర్' అని అర్థం. జాబితా చివర పొరపాటున ఒక కోలన్ మిగిలినా ఇదే జరుగుతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో నిలబడి కమాండ్ కొడితే అక్కడున్న అదే పేరు ఫైలు నడిచే ప్రమాదం ఇలాగే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం వారసత్వం. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని మొదలుపెట్టినప్పుడు తన ఎన్విరాన్‌మెంట్ నకలు దానికి ఇస్తుంది. ఇచ్చింది నకలే కాబట్టి ఆ తర్వాత తల్లి దగ్గర ఏం మారినా బిడ్డకు తెలియదు, బిడ్డ దగ్గర మారింది తల్లికి చేరదు. సెట్టింగ్స్‌లో పాత్ మార్చి, ముందే తెరిచి ఉన్న టెర్మినల్లో పరీక్షించి, 'మార్చినా పనిచేయట్లేదు' అని మళ్లీ మార్చడం ఈ నియమం తెలియకే. రీస్టార్ట్ చేస్తే బాగైపోయిందంటే కారణం కూడా ఇదే. అందరూ కొత్త నకళ్లు తీసుకున్నారు, అంతే. చాలాసార్లు టెర్మినల్‌నో ఎడిటర్‌నో మూసి తెరిస్తే ఆ పని అయిపోతుంది.

విండోస్: సొంత కాపీకి రెండో వరస

విండోస్‌లో పాత్ రెండుచోట్ల ఉంటుంది. మెషీన్ మొత్తానికి ఒకటి, యూజర్‌కి ఒకటి. లాగిన్ అయ్యాక రెంటినీ కలిపి ఒకే జాబితా చేస్తారు. కలిపేటప్పుడు సిస్టమ్ పాత్ ముందు, యూజర్ పాత్ వెనక. సొంత కాపీ కష్టాల్లో సగం ఈ ఒక్క నిర్ణయం వల్లే. అడ్మిన్ హక్కులతో ఎవరో అందరికోసం పెట్టిన పాత పైథాన్ సిస్టమ్ పాత్‌లో ఉంటే, మనం యూజర్ పాత్‌లో మన కాపీని అన్నిటికన్నా పైన పెట్టుకున్నా అది దాన్ని దాటి ముందుకు రాలేదు. యూజర్ జాబితాలో మొదటిది కూడా సిస్టమ్ జాబితాలో చివరిదాని తర్వాతే.

భద్రత దృష్టితో చూస్తే ఈ ఏర్పాటు సమంజసమే. మామూలు యూజర్ పెట్టిన ఫైలు సిస్టమ్ కమాండ్‌కి అడ్డుపడకూడదు. కానీ చాలా సూచనల్లో 'యూజర్ పాత్‌లో పైకి జరపండి' అని మాత్రమే ఉంటుంది, ఈ హద్దు మాట ఎత్తరు. ఇలాంటిచోట పూర్తి దారితో పిలవడమో, టెర్మినల్ తెరిచినప్పుడల్లా ఆ సెషన్‌కి మాత్రం పాత్ ముందు చేర్చుకోవడమో తప్ప సాధారణంగా వేరే దారి ఉండదు.

పైథాన్ కథ ఇక్కడ దగ్గరగా చూడదగ్గది. 3.5 వెర్షన్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ మామూలుగా యూజర్ ఫోల్డర్లోకే, అంటే యాప్‌డేటాలోని లోకల్, ప్రోగ్రామ్స్ కిందికే దింపుతుంది. పాత్‌లో చేర్చమని చెప్పే గడి మాత్రం మనం టిక్ పెడితే తప్ప ఖాళీగానే ఉంటుంది. టిక్ పెట్టకుండా ముందుకెళ్లిన విద్యార్థి టెర్మినల్లో పైథాన్ అని కొడితే ఒకప్పుడు ఎర్రర్ వచ్చేది. 2019 మే నెల విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఎర్రర్ బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం మొదలైంది. యూజర్ పాత్‌లో ఉండే విండోస్‌యాప్స్ అనే ఫోల్డర్లో పైథాన్ పేరుతో ఒక ఉత్తుత్తి ఫైలు పెట్టారు, దాని పని స్టోర్ చూపించడమే. విద్యార్థి సహజంగానే స్టోర్ నుంచి ఇంకోటి దింపుకుంటాడు. ఇప్పుడు మెషీన్లో పైథాన్లు రెండు. లైబ్రరీ ఒకదాంట్లోకి వెళ్తుంది, ప్రోగ్రాం ఇంకోదాంతో నడుస్తుంది, 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని వస్తుంది. మొదట లేనిది ఒక్క పాత్ ఎంట్రీయే. దాన్ని సరిచేయకుండా సాఫ్ట్‌వేర్‌నే మళ్లీ దింపడంతో చిక్కు రెండింతలైంది. యాప్ ఎగ్జిక్యూషన్ ఎలియాసెస్ అనే సెట్టింగ్‌లో ఆ ఉత్తుత్తి ఫైలును ఆపేయవచ్చు. పైథాన్‌తో వచ్చే 'పై' లాంచర్‌ని వాడితే పాత్ సంగతే లేకుండా కావలసిన వెర్షన్‌ని పిలవవచ్చు.

విండోస్‌లో జాగ్రత్తగా ఉండాల్సిన ఇంకో సలహా 'సెట్ఎక్స్' కమాండ్‌తో పాత్ మార్చడం. అది 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది. పైగా ఉన్న పాత్‌కి కొత్తది చేర్చి సెట్ఎక్స్‌కి ఇస్తే, కలిసిపోయిన సిస్టమ్ జాబితా మొత్తం యూజర్ జాబితాలోకి వచ్చి పడుతుంది. ఒక్క లైనుతో రెండు నష్టాలు. విండోస్ 10లో వచ్చిన వరసలవారీ ఎడిటర్‌తో చేతితో మార్చుకోవడమే క్షేమం.

ఏ కాపీ నడుస్తోందో చూడటానికి 'వేర్' కమాండ్ ఉంది. అదే పవర్‌షెల్‌లో కొడితే ఏమీ రాదు. అక్కడ 'వేర్' అనేది వేరే పనికి పెట్టిన మారుపేరు కాబట్టి చివర డాట్ ఈఎక్స్ఈ చేర్చాలి, లేదా గెట్-కమాండ్ వాడాలి. రోగం కనిపెట్టే పరికరమే మొరాయిస్తే రోగి కంగారు పడడంలో వింతేముంది?

లినక్స్: ఏ ఫైలు ఎవరు చదువుతారు

లినక్స్‌లో వరస మన చేతిలోనే ఉంటుంది. సొంత ఫోల్డర్‌ని ముందు పెడితే సొంత కాపీయే గెలుస్తుంది. ఇక్కడి తలనొప్పి వేరు: ఆ లైను ఏ ఫైల్లో రాయాలి?

లినక్స్‌లో ఎక్కువగా కనిపించే షెల్ అయిన బాష్‌ని లాగిన్ షెల్‌గా తెరిస్తే హోం ఫోల్డర్లో బాష్_ప్రొఫైల్, బాష్_లాగిన్, ప్రొఫైల్ అనే మూడు చుక్క ఫైళ్లను ఆ వరసలో వెతికి, ముందు దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. మామూలుగా కొత్త కిటికీ తెరిస్తే బాష్ఆర్‌సీ చదువుతుంది. ఏదో ఇన్‌స్టాలర్ మన తరఫున కొత్తగా బాష్_ప్రొఫైల్ సృష్టించిందనుకోండి. అంతవరకూ పనిచేస్తున్న ప్రొఫైల్ ఫైలును ఆ రోజునుంచి ఎవరూ తెరవరు. అందులోని పాత్ లైన్లు అలాగే ఉంటాయి, ఫలితం ఉండదు. సంబంధం లేని సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాక పాతవి ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే.

ఉబుంటులో ఇంకో ముడి ఉంది. అక్కడ హోం ఫోల్డర్లో ముందే ఇచ్చే ప్రొఫైల్ ఫైల్లో ~/.లోకల్/బిన్ అనే ఫోల్డర్ 'ఉంటే' పాత్‌లో చేర్చు అని రాసి ఉంటుంది. పైథాన్ ప్యాకేజీలు దింపే పిప్‌ని యూజర్ ఇన్‌స్టలేషన్‌కి అనుమతించే వెర్షన్లలో, మొదటిసారి అలా చేసినప్పుడే సాధారణంగా ఆ ఫోల్డర్ పుడుతుంది. ప్రొఫైల్ చదివేది లాగిన్ అప్పుడు, అప్పటికి ఫోల్డర్ లేదు. అందుకే మొదటిసారి పిప్ 'ఈ ఫోల్డర్ పాత్‌లో లేదు' అని హెచ్చరిస్తుంది, మర్నాడు లాగిన్ అయితే ఏం చేయకుండానే అంతా పనిచేస్తుంది. తొందరపడి ఆ మధ్యలో నాలుగుచోట్ల లైన్లు చేర్చినవాళ్లకు ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

బాష్ జ్ఞాపకశక్తి మరో చిక్కు. ఒకసారి దొరికిన కమాండ్ దారిని అది గుర్తుపెట్టుకుంటుంది. పాత్‌లో ముందునుంచే ఉన్న ఫోల్డర్లోకి కొత్త కాపీ దింపితే, తెరిచి ఉన్న షెల్ పాతదాన్నే పిలుస్తూ ఉంటుంది. పాతదాన్ని తీసేస్తే 'అలాంటి ఫైలు లేదు' అని లేని దారి చూపిస్తుంది. 'హ్యాష్ -ఆర్' అంటే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. 'విచ్' కన్నా 'టైప్' నమ్మదగింది అనేది కూడా ఇందుకే. విచ్ బయటి ప్రోగ్రాం, షెల్ లోపలి ఎలియాస్‌లూ జ్ఞాపకాలూ దానికి తెలియవు. టైప్ షెల్‌లో భాగం. 'టైప్ -ఏ' అంటే ఆ పేరుతో ఉన్నవన్నీ వరసగా చెబుతుంది, గుర్తుపెట్టుకున్న దారి మాత్రం ఉత్త 'టైప్'కే కనిపిస్తుంది.

రాతలో జరిగే పొరపాట్లు చిన్నవే కానీ కంటికి ఆనవు. టిల్డ గుర్తును కొటేషన్లలో పెడితే అది హోం ఫోల్డర్‌గా విప్పుకోదు, అక్షరంగానే జాబితాలో కూర్చుంటుంది. బాష్ సర్దుకుని వెతుకుతుంది కాబట్టి టెర్మినల్లో పనిచేస్తుంది, అదే జాబితా అందుకున్న ఇతర ప్రోగ్రాంలు మాత్రం చేతులెత్తేస్తాయి. సెట్టింగ్ ఫైలును కొన్ని విండోస్ ఎడిటర్లలో సేవ్ చేస్తే ప్రతి లైను చివరా కంటికి కనపడని ఒక అక్షరం చేరి, జాబితాలో చివరి ఫోల్డర్ పేరు చెడిపోతుంది.

ఇక పిలిచేవాళ్ల తేడాలు. అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో చాలా లినక్స్‌లలో మన పాత్‌ని పక్కనపెట్టి తన సురక్షిత జాబితాను వాడుతుంది. చెప్పిన వేళకు ప్రోగ్రాంలు నడిపే క్రాన్, రాత్రిపూట పనులకు సాధారణంగా /యూఎస్ఆర్/బిన్, /బిన్ తప్ప ఏమీ ఇవ్వదు. పగలు చేత్తో నడిపితే సరిగ్గా ఉన్న స్క్రిప్టు రాత్రి క్రాన్‌లో చతికిలబడితే స్క్రిప్టును అనుమానించే ముందు ఇది చూడాలి. విండోస్ లోపల నడిచే లినక్స్‌లో, అంటే డబ్ల్యూఎస్ఎల్‌లో, విండోస్ పాత్ మొత్తం లినక్స్ పాత్ వెనక అతుక్కుని వస్తుంది. లినక్స్ వైపు నోడ్ ప్యాకేజీ సాధనం ఎన్‌పీఎం పెట్టకముందే ఆ కమాండ్ 'పనిచేస్తే' అది విండోస్ కాపీ.

మ్యాక్: డాక్ వేరు, టెర్మినల్ వేరు

మ్యాక్‌లో 2019 నాటి కాటలినా నుంచి మామూలు షెల్ బాష్ బదులు జీషెల్ అయింది. పాత సూచనలు చూసి బాష్_ప్రొఫైల్లో రాసినవి జీషెల్ చదవదు. దీనికితోడు పాత్_హెల్పర్ అనే చిన్న ప్రోగ్రాం లాగిన్ షెల్ మొదట్లో సిస్టమ్ ఫోల్డర్లను ముందుకు తోస్తుంది. జీషెల్ఈఎన్‌వీ ఫైల్లో మనం ముందు పెట్టినవి ఆ తోపులో వెనక్కి పోతాయి. అవే లైన్లు జీప్రొఫైల్లో రాస్తే తోపు ముగిశాక చదువుతుంది కనుక వరస నిలుస్తుంది.

డాక్‌లో ఐకాన్ నొక్కి తెరిచిన అప్లికేషన్లకు ఈ ఫైళ్లతో సంబంధమే లేదు. వాటికి అందేది సిస్టమ్ ఇచ్చే నాలుగు ఫోల్డర్ల జాబితా. టెర్మినల్లో పనిచేసే కమాండ్ ఎడిటర్ బటన్ నొక్కితే దొరకలేదంటే కారణం ఇదే. 2020 చివర్లో యాపిల్ సొంత చిప్‌ల మ్యాక్‌లు వచ్చాక, సాఫ్ట్‌వేర్ దింపిపెట్టే హోంబ్రూ వాటిలో తన మకాం /యూఎస్ఆర్/లోకల్ నుంచి /ఆప్ట్/హోంబ్రూకి మార్చింది. మొదటిది ముందే పాత్‌లో ఉండేది, రెండోది ఉండదు. పాత మ్యాక్ నుంచి అంతా కొత్తదానికి మోసుకొచ్చినవాళ్ల దగ్గర రెండు హోంబ్రూలూ కనిపిస్తుంటాయి.

కమాండ్ దొరికాక మొదలయ్యేవి

పాత్ సరైనా కథ అక్కడితో ఆగదు. దొరికిన ప్రోగ్రాం తన లైబ్రరీల కోసం వేరే జాబితాలు చూస్తుంది. లినక్స్‌లో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అలాంటిది. 'షేర్డ్ లైబ్రరీ తెరవలేకపోయాను' అనే ఎర్రర్‌కి అందరూ ఇచ్చే సలహా దీన్ని సెట్టింగ్ ఫైల్లో శాశ్వతంగా పెట్టమని. సలహాలన్నిటిలో ఎక్కువ హాని చేసేది ఇదేననిపిస్తుంది. ఒక ప్రోగ్రాం కోసం పెట్టింది షెల్‌లో నడిచే ప్రతి ప్రోగ్రాంకీ వర్తిస్తుంది. మన ఫోల్డర్లోని లైబ్రరీ, సిస్టమ్ ప్రోగ్రాంకి కావలసిన దానికన్నా పాతదైతే సంబంధం లేనిదేదో కూలుతుంది. ఖాళీ వేరియబుల్ వెనక కోలన్‌తో చేర్చితే ఇందాక చెప్పిన 'ఉన్న ఫోల్డర్' నియమం ఇక్కడా పనిచేసి, ఎక్కడ నిలబడితే అక్కడి లైబ్రరీ ఎక్కుతుంది. సొంతంగా కంపైల్ చేసుకునేవాళ్లు లైబ్రరీ దారిని ఆ ప్రోగ్రాంలోనే ఆర్‌పాత్‌గా రాసిపెట్టడం మేలు. మ్యాక్‌లో ఇలాంటి వేరియబుల్స్‌ని 2015 నాటి ఎల్ క్యాపిటన్ నుంచి సిస్టమ్ ప్రోగ్రాంలు నడిచేటప్పుడు తీసేస్తున్నారు.

పైథాన్‌పాత్, జావా హోం, క్లాస్‌పాత్ ఇవన్నీ ఇదే కుటుంబం. పిప్ ఏ పైథాన్‌దో తెలియని స్థితిని దాటడానికి 'పైథాన్ -ఎం పిప్' అని పిలవడం మంచి అలవాటు. ఏ పైథాన్ నడుస్తుందో దాని పిప్పే నడుస్తుంది, ఊహకు తావుండదు.

డాక్యుమెంట్లు అచ్చుకూర్చే టెక్ లైవ్ పద్ధతి ప్రత్యేకం. అది తన ప్రోగ్రాం ఎక్కడుందో చూసుకుని, అక్కడినుంచి లెక్కగట్టి ఫాంట్లూ స్టైల్ ఫైళ్లూ వెతుక్కుంటుంది. ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోటికి జరిపినా పనిచేస్తుంది. అయితే దాని ఫోల్డర్ పేరులో ఏటా సంవత్సరం మారుతుంది. 2023 అని పాత్‌లో రాసుకున్నవాళ్లు 2024 దింపినా పాతదే నడుస్తుంది. డెబియన్, ఉబుంటులలో సిస్టమ్ టెక్ లైవ్ కూడా ఉంటే, సొంత కాపీలోకి ప్యాకేజీ పెడదామని టెక్ లైవ్ ప్యాకేజీ సాధనం టీఎల్ఎంజీఆర్‌ని పిలిచినప్పుడు సిస్టమ్‌ది బదులివ్వవచ్చు. డెబియన్ అని చూసి యూజర్ మోడ్‌కి మారుతున్నానని ఓ సందేశం ఇస్తే తప్పు కాపీ పలికినట్టే. ఏ ఫైలు ఎక్కడినుంచి తీసుకుంటోందో కేపీఎస్ఈవిచ్ కమాండ్ చెబుతుంది.

ఇంత సౌకర్యం అన్నిటికీ లేదు. సోర్స్ నుంచి కట్టుకునే చాలా సాఫ్ట్‌వేర్‌లకు కాన్ఫిగర్ దశలో ప్రిఫిక్స్ చెప్పాలి. చెప్పకపోతే /యూఎస్ఆర్/లోకల్ అనుకుంటుంది. ఆ దారి ప్రోగ్రాం కడుపులోకి వెళ్లిపోతుంది. తర్వాత ఫోల్డర్ పేరు మార్చితే పాత్ ఎంత దిద్దినా లాభం లేదు. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లదీ అదే తీరు. లోపలి స్క్రిప్టుల మొదటి లైన్లోనే పూర్తి దారి రాసి ఉంటుంది. ప్రాజెక్ట్ ఫోల్డర్ పేరు మార్చాక పిప్ 'చెడ్డ ఇంటర్‌ప్రెటర్' అంటే దాన్ని చెరిపి మళ్లీ కట్టుకోవడమే సులువు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలన్న సలహా నిజంగా సరైన సందర్భాల్లో ఇదొకటి.

పేరు తెలుగులో ఉంటే

విండోస్‌లో లోకల్ అకౌంట్‌ని తెలుగు పేరుతో తెరిస్తే యూజర్ ఫోల్డర్ కూడా తెలుగులోనే ఏర్పడుతుంది. సొంత కాపీలన్నీ దిగేది ఆ ఫోల్డర్ కిందికే. యూనికోడ్ పద్ధతిలో రాసిన ప్రోగ్రాంలకు దీనితో ఏ ఇబ్బందీ లేదు. పాత కోడ్‌పేజీ పద్ధతిలో (ఒక్కో లిపికి విడి అక్షరాల పట్టికతో) రాసినవాటికి మాత్రం ఇది పెద్ద గండం. రష్యన్‌కీ గ్రీకుకీ ఉన్నట్టు తెలుగుకు విండోస్‌లో పాతకాలపు సిస్టమ్ కోడ్‌పేజీ అంటూ లేదు, తెలుగు యూనికోడ్‌గానే వచ్చింది. ఆ ప్రోగ్రాంల చేతిలో దారిలోని తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి, అలాంటి ఫోల్డర్ ఉండదు కనుక ఫైలు దొరకదు. పాత్ జాబితా చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, అదీ మాయ.

కంట్రోల్ ప్యానెల్లో అకౌంట్ పేరు మార్చితే ఫోల్డర్ పేరు మారదు. 2018 నుంచి విండోస్ 10లో మెషీన్ మొత్తానికి యూటీఎఫ్-8 పెట్టుకునే బీటా సెట్టింగ్ ఉంది. కొన్నిటిని బాగుచేస్తుంది, కొన్ని పాత ప్రోగ్రాంలను తికమకపెడుతుంది. అన్నిటికన్నా తేలికైన పని, సి డ్రైవ్ మొదట్లో ఇంగ్లిష్ అక్షరాలతో, ఖాళీలు లేకుండా, పొట్టి పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుని అక్కడికి దింపుకోవడం. కంపైలర్లు, పాత బిల్డ్ స్క్రిప్టులు వాడేవాళ్లకు ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీ ఉన్నా ఇదే సలహా వర్తిస్తుంది. మన భాషలో ఫోల్డర్ పేరు పెట్టుకోలేకపోవడం న్యాయం కాదు. కానీ రేపు ప్రాజెక్ట్ అప్పజెప్పాల్సిన విద్యార్థికి ఈ న్యాయపోరాటం ఇవాళ అక్కరలేదు.

మందులు, వాటి పథ్యాలు

ఇప్పుడున్న పరిష్కారాలను అవి ఎంతమేర ప్రభావం చూపిస్తాయన్న లెక్కన పేర్చి చూడవచ్చు. అన్నిటికన్నా ఇరుకైనది పూర్తి దారితో పిలవడం. క్రాన్ పనులకు, స్క్రిప్టులకు ఇదే మేలు. ఒక్క కమాండ్ కోసం అయితే, పాత్‌లో ఉన్న సొంత బిన్ ఫోల్డర్లో చిన్న లింకో రెండు లైన్ల స్క్రిప్టో పెడితే చాలు. లైబ్రరీ వేరియబుల్ తప్పనిసరైతే దాన్ని ఆ స్క్రిప్టులోనే పెట్టవచ్చు, మిగతావాటికి అంటదు.

ఆ పైమెట్టు ప్రాజెక్ట్‌కో ఎన్విరాన్‌మెంట్. వెన్వ్, కాండా ఈ దారివే. ప్యాకేజీ దింపేటప్పుడు లోపల రాసి ఉన్న నమూనా దారిని మన దారితో మార్చేసే ఏర్పాటు కాండాలో ఉంది. దాని బలమూ బలహీనతా యాక్టివేట్ అనే మాటలో ఉన్నాయి. యాక్టివేట్ చేసినంతసేపూ ఆ షెల్‌లో అదే రాజ్యం. బేస్ ఎన్విరాన్‌మెంట్ ప్రతి టెర్మినల్లో తనంతట తాను మొదలయ్యేలా ఉంచితే సిస్టమ్ కమాండ్లు మరుగున పడతాయి. పెద్ద సర్వర్లలో 1991లో జాన్ ఫర్లానీ వర్ణించిన మాడ్యూల్స్ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ కావాలో లోడ్ చేసుకుంటే దాని జాబితాలన్నీ ఒకేసారి చేరుతాయి, అన్‌లోడ్ చేస్తే తొలగుతాయి. వేసిన లైను వెనక్కి తీసుకోవడం తెలిసిన పద్ధతి ఇది, ఇంట్లో చేతితో రాసుకునేవాళ్లకు కొరవడేది అదే. నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్ ఇంకా దూరం వెళ్లింది. ప్రతి ప్యాకేజీకీ విడి దారి, దానికి కావలసిన లైబ్రరీల దారులు లోపలే. చిక్కులు చాలావరకు పోతాయి, నేర్చుకునే భారం పెరుగుతుంది.

అన్నిటికన్నా వెడల్పైనది సిస్టమ్ పాత్‌ని మార్చడం. అందరికీ తగులుతుంది, అడ్మిన్ హక్కు కావాలి, ఎవరు ఎందుకు మార్చారో ఎక్కడా రాసి ఉండదు. సొంత కాపీ కోసం దీన్ని ముట్టుకోవాల్సిన అవసరం దాదాపు రాదు. రోగం ఎంతవరకుందో మందు అంతవరకే పడాలన్నది ఇక్కడ పాటించదగ్గ నియమం.

ఏ వరసలో చూడాలి

సలహాలు వేరైనా, రోగనిర్ణయం వరస అన్ని సిస్టమ్‌లలో ఒకటే. ముందు పూర్తి దారితో పిలిచి చూడాలి. అలా కూడా నడవకపోతే తప్పు పాత్‌ది కాదు. లైబ్రరీయో, లోపల రాసుకున్న పాత దారో, దిగని ఫైలో చూడాలి. నడిస్తే, పేరుతో పిలిచినప్పుడు ఏ ఏ కాపీలు ఏ వరసలో దొరుకుతున్నాయో టైప్‌తోనో వేర్‌తోనో చూడాలి. మూడోది, ఆ పరీక్ష విఫలమైనచోటే చేయాలి. ఎడిటర్లో తప్పితే ఎడిటర్ లోపలి టెర్మినల్లో, క్రాన్‌లో తప్పితే క్రాన్ చేతనే పాత్ ఒక ఫైలుకి రాయించి చూడాలి. వేరేచోట పనిచేసిందన్న సాక్ష్యం ఇక్కడ చెల్లదు. జాబితాలో మన ఫోల్డర్ లేకపోతే దాన్ని చేర్చాల్సిన ఫైలును ఈ ప్రోగ్రాం చదువుతోందా అన్నది ప్రశ్న. ఉండి కూడా వెనకపడితే ముందున్నది ఎవరు పెట్టారన్నది ప్రశ్న. ఒక్కొక్కటి మార్చి, కొత్త కిటికీలో చూసి, పనిచేయని మార్పును వెంటనే తీసేయాలి.

ఇందులో యూజర్ బాధ్యత ఎంతో తయారీదారుల బాధ్యతా అంతే. దొరకనప్పుడు ఎక్కడెక్కడ వెతికిందో షెల్ చెప్పదు. ఉబుంటు ఒక అడుగు ముందుకేసి ఫలానా ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోమని సూచిస్తుంది. సొంత కాపీ పాత్‌లో లేనివాడికి అది రెండో కాపీ తెచ్చిపెట్టే సలహా. పైథాన్ లోకంలో మాత్రం కొంత మార్పు కనిపిస్తోంది. ఫోల్డర్ పాత్‌లో లేదని పిప్ పేరుతో సహా చెబుతుంది. 2023 నాటి డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా దింపబోతే ఆపి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ దారి చూపిస్తుంది. ప్రతి ఇన్‌స్టాలర్ తను ఏ ఫైల్లో ఏ లైను చేర్చిందో, ఎప్పటినుంచి వర్తిస్తుందో చివర్లో రెండు వాక్యాల్లో చెబితే ఈ చిక్కుల్లో చాలావాటికి పుట్టుకే ఉండదు. ఆ రోజు వచ్చేలోపు సొంత కాపీ పెట్టుకునేవాళ్లు ఆ రెండు వాక్యాలూ తామే రాసుకోవాలి: సెట్టింగ్ ఫైల్లో చేర్చిన ప్రతి లైను పైన, ఎందుకు చేర్చామో, ఎప్పుడు తీసేయవచ్చో ఒక కామెంట్.